వీధికి పర్మిట్ పార్కింగ్ అడిగే ముందు ఇరుగుపొరుగు మాట తెలుసుకోవడం ఎలా

హైదరాబాద్‌లో మేముండే కాలనీలో ప్రతి రెండో గేటుకీ ఒక బోర్డు వేలాడేది. "గేటు ముందు వాహనములు నిలపరాదు. నిలిపినచో గాలి తీయబడును." ఎవరు తీస్తారో రాసేవాళ్ళు కాదు. తీయగా నేనెప్పుడూ చూడలేదు. అయినా బోర్డు పని చేసేది. బోర్డు లేనివాళ్ళు రెండు పూలకుండీలో, ఓ పాత టైరో అడ్డం పెట్టుకునేవాళ్ళు. ముగ్గు ఎంతవరకు పడితే అంతవరకు వీధి మనదేనన్నది అక్కడి లెక్క.

ఆ లెక్క బుర్రలో పెట్టుకునే కాలిఫోర్నియా వచ్చి, ఎల్ కమినో రియల్‌కి ఒక్క సందు వెనక ఇల్లు తీసుకున్నాను. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్ళకి ఆ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. దోసె హోటళ్ళు, ఇండియన్ సరుకుల కొట్లు, బోబా టీ, టైర్ల షాపులు అన్నీ దాని మీదే. శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే మా వీధికి రెండు వైపులా కార్లే కార్లు. ఒక రోజు నాలుగు సంచుల సరుకులతో ఎక్కడో అవతలి మలుపులో దిగి ఇంటిదాకా మోసుకొచ్చాను. మా వీధికి పర్మిట్ పార్కింగ్ పెట్టించి తీరాలని ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను.

దానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అందులో మొదటి ఏడాది నా తప్పుల కిందే పోయింది. సిటీ వాళ్ళకి ఈమెయిళ్ళు రాస్తూ కూర్చున్నాను గానీ, ఎదురింటివాళ్ళు ఈ విషయంలో ఏమనుకుంటున్నారో ఒక్కసారైనా అడగలేదు. మీ ఇల్లు కూడా ఇలాంటి బజారు పక్కనే ఉంటే ఈ కింద చెప్పిన వరసలో వెళ్ళండి. ఊరు ఊరికీ రూల్స్ మారతాయి. నేను ఎక్కువగా కాలిఫోర్నియా సంగతులే చెప్తాను.

పర్మిట్ ఏమిస్తుందో, ఏమివ్వదో ముందు మీరు తెలుసుకోండి

బస్ పాస్ ఉంటే బస్సు ఎక్కనిస్తారు, సీటు మాత్రం దొరికితేనే. పర్మిట్ కూడా అంతే. అది కొన్నాక మీ ఇంటి ముందు చోటు మీ పేరున రాసి ఉండదు. మామూలుగా బోర్డు మీద ఉండేది ఇది: ఫలానా రోజుల్లో, ఫలానా వేళల్లో ఏ బండీ రెండు గంటలకి మించి ఉండకూడదు, ఈ ఏరియా పర్మిట్ ఉన్న బండ్లకి ఆ గడువు లేదు. ఆ బోర్డు కిందే బయటివాళ్ళు రెండు గంటలు దర్జాగా పెట్టుకోవచ్చు. దోసె తినడానికి రెండు గంటలు ఎక్కడ పడుతుంది? ఈ ముక్క ముందే అర్థమైతే సగం గొడవలు రావు. ఇళ్ళు తిరిగేటప్పుడు కూడా ముందు ఇదే చెప్పాలి, ఎందుకంటే పది మందిలో ఎనిమిది మంది తమ గడప ముందు చోటు తమకి రిజర్వ్ అవుతుందనుకునే సై అంటారు.

ఈ పద్ధతికి చట్టబలం వచ్చింది వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ కౌంటీ వల్ల. అక్కడ క్రిస్టల్ సిటీ అనే ఆఫీసుల సముదాయానికి వచ్చేవాళ్ళు, పక్కనే ఉన్న అరోరా హైలాండ్స్ ఇళ్ళ వీధుల్లో పొద్దున కారు వదిలి సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళు. 1970ల మొదట్లో కౌంటీ ఆ వీధుల్లో పగటిపూట పార్కింగ్‌ని పర్మిట్ ఉన్నవాళ్ళకే పరిమితం చేసింది. వీధి అందరి సొమ్ము కదా, అక్కడ కాపురం ఉన్నవాళ్ళకి ప్రత్యేక హక్కేమిటని ఆఫీసులకి వచ్చేవాళ్ళు కోర్టుకెక్కారు. వర్జీనియా సుప్రీం కోర్టు వాళ్ళ వైపే తీర్పు చెప్పింది. 1977లో అమెరికా సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇళ్ళ వీధుల్లో రద్దీ, పొగ, చప్పుడు తగ్గించడానికి స్థానికులకీ బయటివాళ్ళకీ ఇలా తేడా చూపడం రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. ఎవరైనా "ఇది చట్టవిరుద్ధం" అని ఎగిరితే మెల్లగా ఈ కథ చెప్పండి.

కాలిఫోర్నియాలో ఈ అధికారం ఊళ్ళకి ఇచ్చేది వెహికిల్ కోడ్‌లోని 22507 సెక్షన్. చిన్నదే, ఒకసారి చదవండి. వీధిని ఆనుకుని కాపురం ఉన్నవాళ్ళకే కాదు, ఆనుకుని వ్యాపారం చేసేవాళ్ళకి కూడా ప్రత్యేక పార్కింగ్ ఇవ్వొచ్చని అందులో ఉంది. షాపులవాళ్ళ మీద పళ్ళు నూరుతూ మొదలుపెట్టిన నాకు ఆ ఒక్క మాట తర్వాత చాలా పనికొచ్చింది.

తెల్లవారుజామున అయిదింటికి లేచి కార్లు లెక్కపెట్టండి

సాయంత్రం ఏడింటికి లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు. అయిదింటికి ఎందుకంటే, అప్పుడు షాపులు మూసి ఉంటాయి. వీధిలో ఉన్న ప్రతి కారూ మీదో, మీ పొరుగువాళ్ళదో.

మా వీధిలో ఆ వేళకే ముప్పావు వంతు నిండి ఉంది. నేను రెండోసారి లెక్కపెట్టుకున్నాను. మా ఇంటివే రెండు కార్లు రోడ్డు మీద ఉన్నాయి. మరి గ్యారేజీలో ఏముందంటారా? కాస్ట్‌కో పేపర్ టవల్స్ కట్టలు, ఇండియా ప్రయాణానికి దాచిన సూట్‌కేసులు, అబ్బాయి చిన్నప్పటి సైకిల్, సోనామసూరి బస్తాలు. వీధిలో దాదాపు అన్ని గ్యారేజీలదీ ఇదే కథ. బయటివాళ్ళ మీద కంప్లయింట్ రాయడానికి లేచినవాణ్ణి, సూర్యోదయానికి ముందే సగం నిందితుణ్ణి అయ్యాను.

లెక్క ఎలా వేయాలంటే, ముందు వీధిలో ఎన్ని కార్లు పడతాయో చూడాలి. డ్రైవ్‌వేలు, ఎర్ర రంగు వేసిన అంచులు వదిలేసి, మిగిలిన పొడవులో ఇరవై అడుగులకి ఒక కారు అనుకోండి. ఫైర్ హైడ్రంట్‌కి (మంటలార్పడానికి నీళ్ళిచ్చే గొట్టం) అటూ ఇటూ 15 అడుగులు తీసేయాలి. 2025 నుంచి కాలిఫోర్నియాలో మలుపుల దగ్గర కూడా పెట్టనివ్వడం లేదు. మనుషులు రోడ్డు దాటే చోటికి, కార్లు వచ్చే వైపున 20 అడుగుల లోపు ఆపితే జరిమానా టికెట్ రాస్తారు, అక్కడ తెల్లగీతలు ఉన్నా లేకపోయినా. పాత లెక్కలు ఉంటే ఆ మేరకు తగ్గించుకోండి.

తర్వాత ఒక మామూలు పనిరోజు, ఒక శుక్రవారం, ఒక శనివారం ఎంచుకుని పొద్దున అయిదు, పదకొండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఏడు గంటలకి వీధి చుట్టి రండి. నంబర్ ప్లేట్‌లో చివరి మూడు అక్షరాలో అంకెలో రాసుకుంటే చాలు. ఏ బండి ఎంతసేపు ఉందో తెలియడానికే ఇది. పూర్తి నంబర్లు రాయకండి, ఎక్కడా పెట్టకండి. వెంట ఒక పొరుగాయన్ని తీసుకెళ్ళండి. నేను ఒంటరిగా వెళ్ళాను. "ఎవరో టోపీ పెట్టుకున్న మనిషి కార్ల నంబర్లు రాసుకుంటున్నాడు, జాగ్రత్త" అని మా వీధి వాట్సాప్ గ్రూపులో నా ఫోటోయే వచ్చింది.

ఈ లెక్క సిటీ ఇంజనీర్లు ఒప్పుకుంటారని కాదు. వాళ్ళ సర్వే వాళ్ళు చేసుకుంటారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1976 నుంచి ఈ పర్మిట్లు ఉన్నాయి. అక్కడ వీధిలో ఉన్న చోట్లలో 80 శాతం నిండి ఉండాలన్నది చాలాకాలంగా వాడుతున్న కొలత. మీ వీధి ఆ దరిదాపుల్లో లేకపోతే సిటీకిచ్చే పిటిషన్ మీద ఊరందరి సంతకాలు తెచ్చినా ప్రయోజనం ఉండదు. అది ఇళ్ళు తిరక్కముందే తెలుసుకోవడం మేలు.

హోటళ్ళ వెనక తలుపు దగ్గరికి వెళ్ళండి

మా లెక్కలో పదకొండుకి, మూడుకి, ఏడుకి కూడా కదలకుండా ఉన్న బయటి కార్లు కనిపించాయి. దోసె తినడానికి వచ్చినవాళ్ళు ఎనిమిది గంటలు కూర్చోరు కదా. మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో కాస్త ఖాళీ దొరికే వేళ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడితే తేలిపోయింది. ఆ కార్లు వంటవాళ్ళవి, అంట్లు తోమేవాళ్ళవి, బిల్లు కౌంటర్‌లో కూర్చునే అమ్మాయిలవి, పక్కన గోళ్ళకి రంగులేసే సెలూన్‌లో పనిచేసేవాళ్ళవి. షాపు ముందున్న చోటు కస్టమర్లకి వదలమని ఓనర్లు చెప్తారు. వీళ్ళకి మా వీధి తప్ప దిక్కు లేదు. ఆ వంటాయన గంట దూరం నుంచి వస్తాడు. రాత్రి పదకొండున్నరకి తిరిగి వెళ్ళడానికి ఆయన ఊరికి బస్సు లేదు.

ఈ విషయంలో పాలో ఆల్టో అనుభవం తెలుసుకోవాలి. అక్కడ యూనివర్సిటీ అవెన్యూ చుట్టూ డౌన్‌టౌన్‌లో చాలా ఏళ్ళు రంగుల జోన్ల పద్ధతి నడిచింది. ఒక రంగు జోన్‌లో రెండు మూడు గంటల గడువు అయిపోతే, ఆ రోజుకి మళ్ళీ అదే రంగులో పెట్టకూడదు. అక్కడ పనిచేసేవాళ్ళు గడియారం చూసుకుంటూ ఊదా రంగు జోన్ నుంచి నిమ్మకాయ రంగు జోన్‌కి కారు మార్చుకోవాల్సి వచ్చేది. దానికన్నా నాలుగు అడుగులు నడిచినా సరే, గడువు లేని ఇళ్ళ వీధులే నయమనుకున్నారు. ఆ వీధులు పగలంతా నిండిపోయేవి. కాపురం ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి సిటీ కౌన్సిల్ మీటింగులకి వెళ్ళి మొత్తుకుంటే, 2015 సెప్టెంబరులో డౌన్‌టౌన్ చుట్టుపక్కల వీధులకి పర్మిట్ పెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా, పర్మిట్ లేని బండికి రెండు గంటలే.

అయితే వాళ్ళు ఉద్యోగులని వెళ్ళగొట్టలేదు. ఉద్యోగులకీ పర్మిట్లు అమ్మారు. జీతం తక్కువున్నవాళ్ళకి తక్కువ ధరకి ఇచ్చారు. మరుసటి ఏడాది వీధుల్ని జోన్లుగా విడగొట్టి, డౌన్‌టౌన్‌కి దగ్గరి వీధులన్నీ ఉద్యోగుల కార్లతోనే నిండకుండా పంచారు. ఆ తర్వాత ఉద్యోగుల పర్మిట్ల సంఖ్య తగ్గిస్తూ వచ్చారు. ఇళ్ళవాళ్ళకి అది చాలలేదు, షాపులవాళ్ళకి అది నచ్చలేదు. నా దృష్టిలో అది బాగా నడిచిన పథకం కిందే లెక్క.

ఇలా వెనక తలుపు దగ్గర మాట్లాడాక మీకు పర్మిట్ అక్కర్లేదనిపించినా ఆశ్చర్యపోకండి. పక్కనే సాయంత్రం ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్ లాట్ ఉంటే, హోటల్ ఓనరూ ఆ లాట్ ఓనరూ ఒప్పందం చేసుకుంటే సగం సమస్య తీరుతుంది. మేం ప్రయత్నించాం. ఆ లాట్ ఓనరు ఇన్సూరెన్స్ భయంతో ఒప్పుకోలేదు.

పిటిషన్ ఇంట్లో పెట్టి వెళ్ళి తలుపు తట్టండి

చేతిలో కాగితం, పెన్ను కనబడితే ఎవరైనా రెండే మాటలంటారు, పెడతాననో పెట్టననో. ఎందుకో చెప్పరు. నా మొదటి విడత అలాగే చెడింది. ఒకసారి పెట్టనని తలుపు వేసుకున్నవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళడం ఎంత ఇబ్బందో అనుభవిస్తే గానీ తెలియదు.

"మీకు పర్మిట్ పార్కింగ్ కావాలా" అని కూడా అడగొద్దు. రెండు ప్రశ్నలు అడగండి. "పోయిన వారంలో చోటు దొరక్క ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా, ఏ రోజు, ఎన్ని గంటలకి?" ఇది మొదటిది. రెండోది, "మీ ఇంటికి క్రమం తప్పకుండా వచ్చేపోయేవాళ్ళు ఎవరు?" మొదటి ప్రశ్నకి రెండు నిమిషాలు, రెండోదానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలోనే అసలు సంగతులు బయటపడతాయి.

శనివారం పది నుంచి పన్నెండు దాకా, మామూలు రోజుల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మంచి వేళ. స్పానిష్, చైనీస్ మాట్లాడే ఇళ్ళకి ఆ భాష వచ్చిన పొరుగువాళ్ళని తోడు తీసుకెళ్ళండి. తెలుగు ఇళ్ళని చివరికి ఉంచుకోండి. టీ తాగందే వదలరు, టీ తాగితే మిగతా వీధి ఆ రోజుకి అయిపోయినట్టే.

మా వీధిలో విన్నవి కొన్ని చెప్తాను. మీ వీధిలోనూ వీటికి దగ్గరగానే వినిపిస్తాయి.

ఎదురింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. కారు లేదు. ఈవిడకి పర్మిట్‌తో ఏం పని అని మొదట్లో ఆ గడప తొక్కకుండా వదిలేశాను. ఆవిడకి స్నానం చేయించడానికి, వంట చేయడానికి పొద్దున ఒకామె, రాత్రికి ఇంకొకామె వస్తారు. రెండు గంటల రూలు దెబ్బ తగిలేది మొదట వాళ్ళకే. కారు లేని ఇంటికి గెస్ట్ పర్మిట్ ఇస్తారా, ఇస్తే ఎన్ని రోజులకి అన్నది అడగాలని ఆవిడ చెప్తేనే నాకు తట్టింది.

మూల మీద అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్ళు కలిసి ఉంటారు. వాళ్ళలో ఒకబ్బాయి సూటిగా అన్నాడు: "అంకుల్, లీజులో రెండు స్పాట్లే ఇచ్చారు. నలుగురం నాలుగు దిక్కులకి ఆఫీసులకి పోతాం. ఇంటికి రెండే పర్మిట్లు అని మీరు రాయించేస్తే మిగతా ఇద్దరం ఎక్కడ పెట్టుకోవాలి? మీకైతే గ్యారేజీ ఉంది." గ్యారేజీ మాట రాగానే నాకు బియ్యం బస్తాలు గుర్తొచ్చాయి.

ఆ అబ్బాయి అన్నదానికి ఇప్పుడు బరువు ఇంకా పెరిగింది. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న ఏబీ 2097 అనే కాలిఫోర్నియా చట్టం ప్రకారం, రైలు స్టేషన్లలాంటి పెద్ద రవాణా కేంద్రాలకి అర మైలు లోపు కట్టే భవనాలకి ఇన్ని పార్కింగ్ చోట్లు ఉండాలని ఊళ్ళు పట్టుబట్టకూడదు. ఇళ్ళ కొరత ఉన్నచోట ఆ చట్టం మంచిదేనని నేననుకుంటాను. కానీ అక్కడ అద్దెకుండేవాళ్ళ కార్లు వీధిలోకే వస్తాయి. సొంత ఇల్లున్నవాళ్ళు కొందరు "అపార్ట్‌మెంట్ వాళ్ళకి పర్మిట్లు ఇవ్వొద్దని రాద్దాం" అంటారు. మా వీధిలోనూ అన్నారు. 2016లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఈ విషయంలో ఒక అభిప్రాయం ఇచ్చారు. 22507 సెక్షన్ కింద ఇచ్చే పర్మిట్ల విషయంలో ఏ రకం ఇంట్లో ఉంటున్నారన్నదాన్ని బట్టి తేడా చూపకూడదని. అది కోర్టు తీర్పు కాదు. అయినా ఆ పేచీ అక్కడితో ఆపడానికి మాకు సరిపోయింది.

రాత్రి డ్యూటీ చేసే నర్సు ఒకామె పొద్దున ఎనిమిదిన్నరకి ఇల్లు చేరతారు. అప్పటికి షాపుల్లో పనిచేసేవాళ్ళు వచ్చేసి ఉంటారు. అందరికన్నా ఎక్కువ ఇబ్బంది ఆమెది. అందరికన్నా తక్కువ మాట్లాడింది కూడా ఆమే. ఇంకొకాయన, "నడిచి వెళ్ళి కాఫీ తాగొచ్చనే ఈ వీధిలో కొన్నాను, సందడి ఉంటుందని తెలిసే కొన్నాను, మీరు ఊరికే కంగారు పడుతున్నారు" అన్నారు. ఆయనకి పెద్ద డ్రైవ్‌వే ఉంది లెండి. అయినా ఆ మాట కొట్టిపారేయలేం. డ్రైవ్‌వే ఉన్న మరో ఇద్దరు, నిన్నటిదాకా ఊరికే పెట్టుకుంటున్న చోటుకి ఏటా డబ్బు కట్టడమేమిటన్నారు.

అవతలి వీధిలో ఒకాయన నన్ను రోడ్డు మీద ఆపి మరీ అడిగారు: "మీ వీధిలోంచి తరిమితే ఆ కార్లు ఆవిరైపోతాయా? మా వీధికే వస్తాయి." ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే మీ ఒక్క వీధితో ఆగొద్దు. అటు రెండు, ఇటు రెండు వీధులు కూడా తిరగండి. వాళ్ళు కలిసొస్తే ఏరియా పెద్దదవుతుంది. రాకపోతే హియరింగ్‌లో, అంటే సిటీ కౌన్సిల్ అందరి మాటా వినే మీటింగ్‌లో, మీకు ఎదురు మాట్లాడేది వాళ్ళే.

మీ ఇంట్లోవాళ్ళని కూడా అడగండి. నేను అడగలేదు. అంతా విని మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "ఏవండీ, శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చే పదిహేను కార్లకి గెస్ట్ పర్మిట్లు ఎక్కడ తెస్తారు?"

విన్నది ఆ రోజు రాత్రే వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. అవును, కాదు అని టిక్కులు పెట్టుకుంటే తర్వాత ఏమీ మిగలదు.

విన్నదాన్ని బట్టి ఏం అడగాలో తేల్చుకోండి

ఇప్పుడు కాగితం బయటికి తీయొచ్చు. మొదట తేల్చాల్సింది వేళలు. మా ఇబ్బంది ఎక్కువ సాయంత్రాలది. పాలో ఆల్టోలాగా 8 నుంచి 5 అని రాయించుకుంటే బోర్డులు అందంగా ఉంటాయి, ఏడింటికి మళ్ళీ అదే గొడవ. పోనీ రాత్రి తొమ్మిదిదాకా అంటే, ఆ వేళకి టికెట్లు రాసేవాళ్ళు మీ ఊళ్ళో డ్యూటీలో ఉంటారో లేదో కనుక్కోవాలి. టికెట్ రాసే మనిషి రాకపోతే రెండు నెలల్లో ఆ బోర్డుని ఎవరూ లెక్కచేయరు.

గెస్ట్ పర్మిట్ల మీద ఎక్కువసేపు కూర్చోండి. మా వీధిలో సగం అభ్యంతరాలు అక్కడే ఉన్నాయి. రోజుకొకటి చొప్పున వాడే చీటీలా, ఏడాదంతా పనికొచ్చేదా, ఇంటికెన్ని, కారు లేని ఇంటికి కూడా ఇస్తారా అన్నవి సిటీ పార్కింగ్ విభాగాన్ని అడిగి రాసి తెచ్చుకోండి. చికాగోలో పదిహేను చీటీల షీటు అమ్ముతారు, ఒక్కో చీటీ 24 గంటలు పనిచేస్తుంది. అలాంటిది ఉంటే ఒక పేరంటానికి ఒక షీటు సరిపోతుంది. శని, ఆదివారాలు రూలు లేకుండా అడగడం ఇంకో దారి. మేం అలా అడగలేదు, మా రద్దీ ఆ రోజుల్లోనే.

ఇంటికెన్ని పర్మిట్లన్నది మనసులు విరిచే ప్రశ్న. శాన్ ఫ్రాన్సిస్కోలో చాలా ఏరియాల్లో ఇంటికి నాలుగు దాకా ఇస్తూ వచ్చారు. తక్కువ పెడితే కుర్రాళ్ళు మునుగుతారు, ఎక్కువ పెడితే చోట్లకన్నా పర్మిట్ స్టిక్కర్లు ఎక్కువై అందరూ మునుగుతారు. అయిదింటి లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఉద్యోగులకి కొన్ని పర్మిట్లు ఉంచమని మేమే రాశాం. హోటల్ ఓనరు అది చూశాక మాకు ఎదురుగా మాట్లాడటం మానేశాడు.

సంతకాలు, హియరింగ్

సిటీ ఇచ్చే ఫారమే వాడండి. నేను చక్కగా కంప్యూటర్లో టైపు చేసిన సొంత ఫారం మీద సంతకాలు తీసుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అందులో ఉండాల్సిన ఒక వాక్యం లేదని కౌంటర్లో ఉన్నాయన మర్యాదగా వెనక్కిచ్చారు. మూడు నెలల పని అది. ఇంటికి ఒక సంతకమే లెక్కా, అద్దెకుండేవాళ్ళు పెట్టాలా, వేరే ఊళ్ళో ఉండే ఓనరు పెట్టాలా అన్నవి ముందే అడగండి. కొత్త ఏరియా అడగడానికి శాన్ ఫ్రాన్సిస్కో నియమాల్లో 250 ఇళ్ళ సంతకాలో, ఆ ఏరియాలో సగం ఇళ్ళ సంతకాలో ఉండాలని రాశారు. చిన్న ఊళ్ళలో ఒక్కో వీధినే విడిగా చూస్తారు.

కౌన్సిల్ మీటింగ్ అజెండాని కాలిఫోర్నియాలో కనీసం 72 గంటల ముందు అందరికీ కనబడేలా పెట్టాలని బ్రౌన్ యాక్ట్ అనే చట్టం చెప్తుంది. మాట్లాడే అవకాశం అందరికీ ఉంటుంది, కాకపోతే రెండో మూడో నిమిషాలు. అంత టైంలో మీ కోపం చెప్పుకుంటే మిగిలేదేమీ ఉండదు. ఒకరు లెక్క చెప్పండి, ఒకరు నర్సుగారిలాంటి ఇబ్బంది చెప్పండి, వద్దన్నవాళ్ళు ఏమన్నారో, దానికి మీరు ఏం మార్చారో ఒకరు చెప్పండి. మూడోదానికే కౌన్సిల్ సభ్యులు తలెత్తి చూశారు. పెద్దావిడ రాలేకపోయారు, ఉత్తరం రాసిచ్చారు. పంపే ఈమెయిళ్ళు, ఉత్తరాలు ఎవరైనా చూడగలిగే రికార్డులోకి వెళ్తాయి. పొరుగువాళ్ళ పేర్లు పెట్టి ఏమీ రాయకండి.

బోర్డులు పెట్టాక

కౌన్సిల్ ఒప్పుకున్నంత మాత్రాన రూలు అమల్లోకి రాదు. బోర్డులు పెట్టాకే వస్తుంది. ఈలోపు కారు రిజిస్ట్రేషన్‌లో మీ అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పాత అడ్రసుతో, వేరే రాష్ట్రం ప్లేటుతో తిరిగే కార్లు మనవాళ్ళలో చాలా ఉంటాయి. పర్మిట్ కౌంటర్ దగ్గర మొదట ఆగిపోయేవి అవే.

స్టిక్కర్ ఉంటే అన్నిటికీ మినహాయింపు అనుకోకండి. వీధి ఊడ్చే రోజు కారు తీయాల్సిందే. చాలా ఊళ్ళలో ఒకే చోట 72 గంటలకి మించి కదలకుండా ఉంటే లాక్కెళ్తారు, ఇండియా వెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. వికలాంగుల ప్లకార్డు ఉన్న బండికి కాలిఫోర్నియాలో ఈ పర్మిట్ వీధుల గడువు వర్తించదు. అలాంటి కారు ఎక్కువసేపు ఉందని ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చి నవ్వులపాలు కావొద్దు. కొత్త ఏరియా మొదలైన వారంలో ఎక్కువ టికెట్లు పడేది స్టిక్కర్ అంటించుకోవడం మరిచిపోయిన సొంత వీధివాళ్ళకే. మా వీధిలో మొదటిది ఎవరికి పడిందో చెప్పను.

ఆరు నెలలు గడిచాక మళ్ళీ అయిదింటికి లేచి లెక్కపెట్టండి. మా వీధిలో ఆ వేళకి ఇప్పటికీ ముప్పావు వంతు నిండే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి మాత్రం అక్కడక్కడ ఖాళీలు కనబడుతున్నాయి. నర్సుగారు పొద్దున తన గేటుకి దగ్గర్లోనే దిగుతున్నారు. అవతలి వీధాయన చెప్పినట్టే అటు రద్దీ పెరిగింది. ఇప్పుడు ఆయనే లెక్క మొదలుపెట్టారు, నా ఫారం అడిగి తీసుకెళ్ళారు. నేను మా గ్యారేజీలో బియ్యం బస్తాలు వంటింటి పక్క గదిలోకి మార్చి, సూట్‌కేసులు అటక ఎక్కించి, ఒక కారు లోపల పెడుతున్నాను. సైకిల్ ఇంకా అడ్డంగానే ఉంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి సరిపోతుంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.